పసుపు కొట్టే రోకలి

పిన్నీ,

అక్క పెళ్లికి చుట్టాల్ని తిప్పాలని కారుకి వెడల్పాటి టైర్లు వేయించాను. నలుగురెక్కితే చాలు, టైరు పైనున్న ఫెండర్ రేకు అంచుకి రాసుకుంటోంది. ఆటోనగర్‌లో షాపతను వారం ఆగమన్నాడు. అంచు లోపలికి మడవడానికి వాడెందుకని, హెయిర్ డ్రయర్‌తో పెయింట్ వేడిచేసి, టైరుకీ అంచుకీ మధ్య మా ఇంటి రోకలి దూర్చి పట్టుకున్నాను. అక్క కారు మెల్లగా నెట్టింది. అంచు లోపలికి మడతపడింది, పెయింట్ చిట్లలేదు. ఐదుగురం హనుమాన్ జంక్షన్ దాకా వెళ్లొచ్చాం, చప్పుడే లేదు. షాపువాడైనా ఇంతకంటే బాగా చెయ్యడు.

రోకలి మాత్రం నిలువునా పగిలింది. గురువారం పసుపు కొట్టాల్సింది దాంతోనే. అమ్మకింకా చెప్పలేదు. నీ రోకలి కడిగి ఉంచు, అదే కారులో వచ్చి దాన్నీ నిన్నూ తీసుకెళ్తాను. అమ్మ గుమ్మంలోనే ఉంటుంది, ముందు నువ్వు దిగు.

ఇట్లు,
మనింటి మెకానిక్