ప్రతి శనివారం నూట పదహార్లు

శనివారం రాత్రి, స్కోఫీల్డ్స్

మా అమ్మాయి యూనివర్సిటీకి సెలవు కాబట్టి ప్రతి శనివారం క్యాటరింగ్ చేసే ఒకావిడ దగ్గర వడ్డనకు వెళ్తోంది. ఈ రోజు కూడా కుంకుమ బొట్టు పెట్టిన కవరులో నూట పదహారు డాలర్లు తెచ్చింది.

"ఇది జీతమా?"

"కాదు నాన్నా, బ్లెస్సింగ్స్ అట. గిఫ్ట్ కాబట్టి రిపోర్ట్ చెయ్యక్కర్లేదంది ఆంటీ. సంపాదన లిమిట్ దాటితే గవర్నమెంట్ ఇచ్చే నా స్టూడెంట్ అలవెన్స్ కట్ చేస్తారుగా!"

ఆరు గంటలు వడ్డించాక మాత్రమే దక్కే ఆశీర్వాదాన్ని నేనెక్కడా చూడలేదు. పగలు పనిచేసి, రాత్రి కళాశాలలో పట్టా పొందినవాణ్ణి. ఏ దరఖాస్తులోనూ అబద్ధం రాయలేదు. గడిచిన రెండు వారాల సంపాదనను అమ్మాయి రేపు ప్రభుత్వానికి తెలియజేయాలి. ఈలోగా ఆవిడను నిలదీయాలనుకున్నాను.

కానీ నా పుట్టినరోజుకు అమ్మాయి కొనిచ్చిన బూట్లు గుమ్మం దగ్గరే ఉన్నాయి. అవి ఏ కవరు డబ్బుతో కొన్నవో అడగడానికి నోరు రావడం లేదు.