జగ్‌తాప్ వారి వెన్ను

భోర్,
శనివారం

చి. మంజిరికి మీ ఆజోబా అనేక ఆశీర్వాదాలు.

మీ నాన్న ఉత్తరం అందింది. నీ వెన్నెముక ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంకర తిరిగిందని పుణెలో పెద్ద డాక్టరు తేల్చాడట. పిల్లను మరాఠీ బడికే పంపమని నేను అప్పుడే మొత్తుకున్నాను. మన అక్షరాలు పైగీత పట్టుకుని బుద్ధిగా వేలాడతాయి. పాముల్లా మెలికలు తిరిగేవన్నీ ఆ ఇంగ్లీషువే.

నేను జీవితమంతా డ్రిల్లు మాస్టరుగా చేశాను. "సావధాన్!" అంటే బడి గోడ మీది కోతి కూడా నిటారుగా నిలబడేది. నా సొంత మనవరాలే వంకరైతే ఊళ్ళో తలెత్తుకోవడం ఎలా? నీది జబ్బు కాదు, బద్ధకం. కుర్చీలో జారబడి నవలలు చదవడం మానెయ్. పొద్దున్నే గోడకు ఆనుకుని, నెత్తిన రాగిచెంబు పెట్టుకుని నిలబడు.

ఇట్లు,
మల్హారరావు జగ్‌తాప్

తా.క. చెంబులో నీళ్ళుండాలి. మీ నాన్న ఖాళీ చెంబుతో నన్ను మోసం చేసేవాడు.


పుణె,
బుధవారం

తీర్థరూపులైన ఆజోబాకు మంజిరి సాష్టాంగ నమస్కారం.

సాష్టాంగం కాగితం మీదే. నిజంగా చేసే స్థితిలో లేను.

చెంబు పెట్టుకున్నాను, మెడ పట్టేసింది. నిన్న మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టర్ సహస్రబుద్ధే నాన్నను బయట కూర్చోమని చెప్పి బెల్టు తీశారు. ఏడ్చినా వినలేదు. అమ్మే నన్ను కదలకుండా పట్టుకుంది. ఎదుగుదల ఆగేదాకా రాత్రీ పగలూ ఇదే తప్పదట. స్నానానికి మాత్రం కాసేపు వదిలేస్తారట. నడుమంతా కమిలిపోయింది. "నీ మేలుకే" అని నవ్వుతారాయన.

మీ
మంజిరి

తా.క. ఆజీకి చెప్పకండి, నానమ్మ ప్రాణం కదా, తట్టుకోలేదు. గోందు లడ్డూలు పంపమని మాత్రం చెప్పండి.


భోర్,
శుక్రవారం

చి. మంజిరికి ఆశీర్వాదాలు. నీ డాక్టరుకు కాదు.

నీ ఉత్తరం చదివి, తింటున్న జొన్న భాకరి పళ్ళెంలోనే వదిలి లేచాను. నేనూ బెత్తం పట్టినవాణ్ణే. కానీ అరచేతి మీద, అదీ బూట్లు తుడుచుకోని వెధవలకు. ఆడపిల్ల నడుం మీద బెల్టా! రాత్రీ పగలూనా! ఇంటిపేరు చూస్తే సహస్రబుద్ధే. వెయ్యి బుద్ధుల్లో ఒక్కటైనా మంచిది ఉండొద్దూ? మీ అమ్మ పట్టుకోవడమేమిటి? చీమను కూడా పక్కకు జరిపి నడిచే మనిషి!

వచ్చే శుక్రవారం మొదటి బస్సుకు బయల్దేరుతున్నాను. వాడి సంగతి చూస్తాను.

మీ ఆజోబా

తా.క. ఆజీకి నేను చెప్పలేదు. తనే తీసుకుని చదువుకుంది. నా సంచిలో లడ్డూల కింద రోకలి సర్దింది.


పుణె,
సోమవారం

తీర్థరూపులైన ఆజోబాకు నమస్కారం.

అయ్యో ఆజోబా! కొట్టే బెల్టు కాదు, తొడిగే బెల్టు! డాక్టరు దాన్ని పెట్టెలోంచి తీశారు. నడుం చుట్టూ బిగిస్తారు. ముందూ వెనకా ఇనుప కడ్డీలు, గడ్డం కింద ఒక కమ్మీ. కింద పడిన పెన్సిలు తీసుకోవాలన్నా ఎవరినో బతిమాలాలి.

క్లాసులో సుమేధ నన్ను దీపస్తంభం అంది. అంతే, ఇక అందరూ అదే పిలుపు. బెల్టు మంచం కిందికి తోసేసి, అది లేకుండానే బడికి పోతున్నాను. అమ్మ రోజూ ఏడుస్తోంది. వేసుకోకపోతే వంపు ముదిరి, కోసి సరిచేయాల్సి వస్తుందట. కోస్తే కోయనీ. మీరు వచ్చినప్పుడు బెల్టు వద్దని ఆ డాక్టరుకు గట్టిగా చెప్పండి. మీ గొంతు ముందు ఎవరూ నిలవలేరు.

మీ
మంజిరి

తా.క. రోకలి వద్దు. లడ్డూల మీద బరువు పడి పొడైపోతాయి.


పుణె,
ఆదివారం

తీర్థరూపులైన ఆజోబాకు మంజిరి కడసారి కావచ్చు, నమస్కారం.

మొన్న మీరు వచ్చి, నేను బడి నుంచి రాకముందే వెళ్ళిపోయారట. గ్లాసెడు నీళ్ళు తాగి, తల వంచుకుని మెట్లు దిగారని అమ్మ చెప్పింది. మీరు తల వంచడమా! అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

బల్ల మీద మీరు మరిచిపోయిన ఎక్స్‌రే కవరు కనిపించింది. పైన "ఎం. జగ్‌తాప్" అని ఉంది. బెల్టు బిగించిన రోజు తీసిన నా ఎక్స్‌రే ఇంకా ఇవ్వలేదు, ఇది అదేనన్నమాట. కిటికీ వెలుగులో పెట్టి చూశాను. ముందుదానికి రెట్టింపు వంకర. డాక్టరు మీకు అంతా చెప్పేశారు, నాకు చెప్పడానికి మీకు నోరు రాలేదు.

అప్పుడు తొడిగిన బెల్టు స్నానానికి కూడా విప్పలేదు. సుమేధ మళ్ళీ దీపస్తంభం అంది. "అవును, నీ బుర్రలో చీకటి పోవాలి కదా" అన్నాను. చనిపోయేవాళ్ళకు భయం ఉండదని ఎవరో అన్నది నిజమే. కానీ రాత్రిళ్ళు నిద్ర రావడం లేదు. నేను ఇంకా ఎన్నాళ్ళుంటాను? దాచకండి.

మీ
మంజిరి

తా.క. వస్తువుల మీద మమకారం పోయింది. లడ్డూలన్నీ పంచేశాను. నాలుగు ఉంచుకున్నాను.


భోర్,
మంగళవారం

చి. మంజిరికి నూరేళ్ళ ఆయుష్షు.

ఆ ఎక్స్‌రే నీది కాదు తల్లీ. నాది.

ఈ సంగతి నీకు రాస్తానని మీ నాన్నకు ఫోనులో చెబితే, "చెప్పకండి, తెలిస్తే మళ్ళీ విప్పేస్తుంది" అన్నాడు. కానీ నిద్ర లేని పిల్లను అబద్ధంతో నిలబెట్టడం నా వల్ల కాదు. జరిగింది చెబుతాను.

డాక్టరుతో గొడవకే వెళ్ళాను. "మా వంశంలో వంకర లేదు" అని గది దద్దరిల్లేలా అరిచాను. ఆయన మాత్రం నిమ్మళంగా, "మాస్టారూ, చొక్కా విప్పి ఒకసారి ముందుకు వంగండి" అన్నాడు. "వంగడం నాకు అలవాటు లేదు" అంటూనే వంగాను. వీపు మీద వేలితో గీత గీసి, ఫొటో తీయించి, వెలుగులో పెట్టి చూపించాడు. "మాస్టారూ, మీరు ఇన్నేళ్ళుగా వంకరగానే నిటారుగా నిలబడుతున్నారు" అన్నాడు. ఒక్కోసారి ఇది వంశంలోనే దిగుతుందట. అంటే పైనుంచి నీదాకా పంపిన పెద్దమనిషిని నేనేనేమో! నీకు ముఖం చూపించలేక బస్సెక్కేశాను.

నాకూ ఒక బెల్టు ఇమ్మన్నాను. ముదిరిన ఎముకకు పనిచేయదన్నాడు. నీది ఇంకా లేత ఎముక. వేసుకుంటే వంపు ముదరకుండా ఆపవచ్చట, కోత అవసరం రాకపోవచ్చట. దీనివల్ల నువ్వు చావవు. నేను చచ్చానా? బద్ధకమని రాశాను చూడు, ఆ ముక్క కొట్టేసుకో. వేసుకోమని నేను ఆజ్ఞ వేయను. శుక్రవారం నుంచీ "సావధాన్" అనడమే మానేశాను.

స్నానానికి మాత్రం విప్పు, తల్లీ.

మీ ఆజోబా

తా.క. ఇది ఆజీ రాస్తున్నది. ఈయన ఇప్పుడు వీధిలో కనపడినవాణ్ణల్లా వంచి వీపు చూస్తున్నారు. పోస్ట్‌మన్ నిన్న ఉత్తరం గేటు మీంచి విసిరి పారిపోయాడు. ఈయన వంకర నాకు పెళ్ళిపీటల మీదే తెలుసు. మధ్య తెర తీయగానే చూశాను, ఎడమ భుజం పైకి లేచి ఉంది. పొగరనుకున్నాను. కాపురానికొచ్చాక తెలిసింది, ఎముకని. అప్పటినుంచీ దర్జీకి చెప్పి, చొక్కా కుడి భుజంలో దూది పెట్టించి కుట్టిస్తున్నాను. "ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?" అని నిన్న రంకెలు వేశారు. "మీరెప్పుడైనా అడిగారా?" అన్నాను. పొగరు కూడా ఉందిలే. దానికి బెల్టు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.