సీటు ముందుకు జరిగి ఉంది

డిసెంబర్ 3, మంగళవారం

ఇవాళ కూడా కారు ఏడిపించింది. తాళం తిప్పితే ఒళ్ళంతా వణికింది, నల్లటి పొగ కక్కింది, ఆగిపోయింది. ఎన్నిసార్లు తిప్పితేనో అందుకుంది. అందుకున్నాక లోపల టిక్ టిక్ టిక్. కంచిలి దాటి ఇంజిన్ వేడెక్కాక గానీ ఆ చప్పుడు పోలేదు.

పక్క సీట్లో మా ఆవిడ భవాని. పలాసలో ఏడింటి డయాలసిస్ షిఫ్టు ఆమెది, వారానికి మూడు రోజులు. అక్టోబర్ వానల్లో ఒకరోజు ఈ బండి పలకనే లేదు. ఆటో దొరకలేదు. మర్నాటికి ఆమె కాళ్ళూ మొహం పొంగిపోయి, ఊపిరాడక ఆక్సిజన్ పెట్టాల్సొచ్చింది. అప్పటి నుంచీ ఈ బండి మీదా, దీన్ని ముట్టుకునే ప్రతివాడి మీదా నాకు అనుమానమే.

ముట్టుకునేది ఇంకెవరు? బావమరిది ఫణీంద్ర. నేను లేనప్పుడు అక్కకి అవసరమొస్తే అని రెండో తాళం వాడి దగ్గరే పెట్టాను. నాదే బుద్ధి తక్కువ.

డిసెంబర్ 5, గురువారం

డ్రైవర్ సీటు ముందుకు జరిగి ఉంది. నేను జరపలేదు.

డిసెంబర్ 7, శనివారం

భవానిని మిషన్ మీద పెట్టాక బండిని కాశీబుగ్గలో మెకానిక్ సూర్యం దగ్గరకి తీసుకెళ్ళాను. ఇంజిన్ చల్లారేదాకా ఆగి మూత విప్పాడు. టాపెట్లు లూజైపోనాయి బావా, ముసిలోళ్ళ కీళ్ళు కొట్టుకోవేటి, ఇదీ అంతే అన్నాడు. సరిచేశాడు, ఆయిల్ మార్చాడు. చప్పుడు ఆగింది.

నేను పక్కనే నిలబడ్డాను. టీకి రమ్మన్నా కదల్లేదు. మంచి పార్టు పీకి పాతది బిగించరని గ్యారంటీ ఏమిటి? నమ్మి ఒగ్గేయొచ్చు కదేటి అని నవ్వాడు. నవ్వేసరికి అనుమానం ఇంకా పెరిగింది.

డిసెంబర్ 10, మంగళవారం

మళ్ళీ అదే వణుకు, అదే టిక్ టిక్. తిన్నగా సూర్యం మీదకే పోయాను, ఏం మార్చావు నా బండిలో అని. వాడు ప్లగ్గులు విప్పి చేతిలో పెట్టాడు. మసిగొట్టుకుపోయి తడితడిగా ఉన్నాయి. ఆయిల్ కొలిచే పుల్ల తీసి వాసన చూడమన్నాడు. పెట్రోల్ కంపు. మొన్న మార్చిన ఆయిలే అది. పెట్రోల్ కలిసి ఆయిల్ పలచబడితే సప్పుడు రాక ఏటవుద్ది, ఎవులో బండి ఇలా స్టార్ట్ చేసి, ఏడెక్కకుండానే అలా ఆపేత్తన్నారు, రోజూ ఇదే పనిలాగుంది అన్నాడు.

నాకు అర్థమైపోయింది. ఆస్పత్రి లేని రోజుల్లో తెల్లారకుండానే కొబ్బరికాయలు కొనడానికి బైక్ మీద తోటలకి పోతాను. నేనుండను, బండి ఉంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఫణీంద్రవి నాకంటే పొడుగు కాళ్ళు. వాడు కూర్చుంటే సీటు వెనక్కి పోవాలి. ముందుకి జరిగిందంటే వాడి పొట్టి పెళ్ళానికి డ్రైవింగ్ నేర్పుతున్నాడన్నమాట, నా పెరట్లో, నా బండి మీద.

సాయంత్రం వాడింటికి పోయి తాళం లాక్కున్నాను. నాకేటి తెల్దు బావా, అక్క మీద ఒట్టు అన్నాడు. అక్క మీద ఒట్టేత్తావేటి, ఆ అక్కని సంపేది నువ్వే అన్నాను. ఇంటికొచ్చి చెబితే భవాని కూర కలుపుతూ ఉండిపోయింది. తమ్ముణ్ణి వెనకేసుకు రాలేదు. అంటే ఆమెకూ తెలుసు.

డిసెంబర్ 12, గురువారం

రెండు తాళాలూ మా ఇంట్లోనే మేకుకి ఉన్నాయి. అయినా బండి వణికింది. సీటు ముందుకే ఉంది. వాడు మూడోది చేయించాడు.

డిసెంబర్ 13, శుక్రవారం, ఉదయం

ఫోన్ మరిచిపోయి దారిలోంచి వెనక్కి తిరిగాను. వీధి మొదట్లోనే వినిపించింది, టిక్ టిక్. ఇవాళ దొరికాడనుకుని బైక్ ఆపేసి నడిచి వెళ్ళాను.

డ్రైవర్ సీట్లో భవాని. సూదులు గుచ్చే ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో తాళం పట్టుకుని, కళ్ళు మూసుకుని వింటోంది. కాసేపటికి ఆపేసింది. అప్పుడు నన్ను చూసింది.

రేపు పలుకుతాదో లేదో సూసుకుంటన్నాను బావా అంది. ముందురోజు పలికితేనే ఆ రాత్రి నిద్ర పడుతుందట. అక్టోబర్ నుంచీ ఇదే పని. నీ తమ్ముణ్ణి అన్ని మాటలంటే నోరెందుకు ఇప్పలేదే అని అరిచాను. సెప్తే తాళం దాసేత్తావు, మరి నానేటి సేసేది అంది.

మూడు రోజుల కిందటే చెప్పి ఉంటే తాళం నిజంగానే దాచేసేవాణ్ణి. సిగ్గేసింది. ఫోన్ తీసుకోకుండానే తోటకి పోయాను.

అదే రోజు, సాయంత్రం

సూర్యానికి ఫోన్ చేశాను. స్టార్ట్ చేసినాక అరగంటైనా రోడ్డు మీద తిప్పాల, నేకపోతే ముట్టుకోకూడదు అన్నాడు. ఫణీంద్ర ఇంటికెళ్ళాను. తప్పయిపోయిందన్నాను. రెండో తాళం ఇవ్వబోతే నావైపు చూడలేదు. తాళం మాత్రం తీసుకున్నాడు.

డిసెంబర్ 15, ఆదివారం

ఆస్పత్రి లేని రోజు. తాళం భవానే తిప్పింది, తర్వాత పక్క సీట్లోకి జరిగింది. బారువ దాకా పోయి సముద్రం చూసొచ్చాం. మా సందు దగ్గరకొచ్చాక, ఇంకొంచెం దూరం పోనీ బావా, ఇంజిను ఇంకా ఏడెక్కనేదేమో అంది.

ఇంజిన్ వేడి చూపించే ముల్లు ఎప్పుడో సగానికొచ్చి ఆగింది. సందు దాటించేశాను.