పెదాల మీది పాఠాలు

పటమట, విజయవాడ
ఆగస్టు 2020

మా నాన్నకు,

ఉత్తరం చూసి కంగారుపడకు. అమ్మ బాగుంది, నేనూ బాగున్నాను. పోస్టులో కవరు వచ్చిందంటే ఇంట్లో ఏదో జరిగిందనుకుంటావని తెలిసి ముందే ఈ మాట రాస్తున్నాను. మెసేజ్ పెడదామంటే నీ చిన్న ఫోన్లో తెలుగు అక్షరాలన్నీ డబ్బాలు డబ్బాలుగా వస్తాయన్నావు. పెద్ద ఫోన్ అమ్మది. నేను చెప్పబోయేది ఈ ఒక్కసారికి అమ్మ చూడకుండా చెప్పాలి. అమ్మ మీద చాడీ మాత్రం కాదు.

నువ్వు అంబులెన్స్ తోలడానికి బందరు ఆసుపత్రికి వెళ్ళి అక్కడే ఉండిపోయిన దగ్గర్నుంచి, ఫోన్ చేసినప్పుడల్లా నేను "ఊఁ, బాగున్నా" అనేసి అమ్మకి ఇచ్చేస్తున్నాను. మొన్న నువ్వు "పాపకి నా మీద కోపమా స్టెల్లా?" అని అమ్మని అడిగావట. కోపం కాదు నాన్నా. నాకు నీ మాట వినపడటం లేదు. నీదే కాదు, ఫోన్లో ఎవరి మాటా వినపడదు. దూరంగా ఏదో తేనెటీగ తిరుగుతున్నట్టు ఉంటుంది, అంతే.

ఎనిమిదో తరగతిలో నాకు పెద్ద జ్వరం వచ్చింది గుర్తుందా? నువ్వు అప్పుడు రాత్రి డ్యూటీల్లో ఉన్నావు. జ్వరం తగ్గాక ఒక్కో శబ్దమూ తగ్గుతూ వచ్చింది. ముందు కుక్కర్ కూత పోయింది, తరవాత వెనక నుంచి పిలిచే పిలుపు పోయింది. అమ్మ సూర్యారావుపేటలో డాక్టరుకి చూపించింది. నరం దెబ్బతింది, రెండు చెవులకీ మిషన్లు పెట్టుకుంటే కొంత నయమని ఆయన చెప్పారు. బయటికి వచ్చాక అమ్మ మెట్ల మీదే కూర్చుండిపోయింది. "మిషన్ పెడితే అందరికీ కనపడుద్దే. మీ నాన్నకి కూడా చెప్పొద్దు. ఆయన తట్టుకోలేడు" అంది. అప్పటినుంచి ఈ రహస్యం మా ఇద్దరి మధ్యా ఇంకో మనిషిలాగా ఉంది.

నీకు తెలియకపోవడంలో వింత ఏమీ లేదు. ఎదురుగా కూర్చుని మాట్లాడితే నాకు ఇబ్బంది లేదు. పెదాలు చూసి చదువుకుంటాను. ఎవరూ నేర్పలేదు, అవసరానికి వచ్చేసింది. పాట, బాట, మాట అనే మూడు మాటలూ పెదాల మీద ఒక్కలాగే ఉంటాయి. ముందూ వెనకా ఉన్న మాటల్ని బట్టి ఏదో తేల్చుకోవాలి. క్లాసులో మొదటి బెంచీలో కూర్చుని ఇన్నాళ్ళూ అలాగే నెట్టుకొచ్చాను. సోషల్ చెప్పే శ్రీదుర్గ మేడమ్ నోరంతా తెరిచి చక్కగా మాట్లాడతారు. ఫిజిక్స్ ఫిలిప్ సార్‌తోనే కష్టం. ఆయన మాటల్లో సగం మీసంలోనే ఉండిపోతాయి.

ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాక నా బెంచీ పోయింది. ఫోన్ నిండా పాఠం బొమ్మలే ఉంటాయి. మాట్లాడే మనిషి ఒక మూల చిన్న గుండ్రంలో ఒక్క అక్షరమై ఉంటారు. ఆ అక్షరానికి పెదాలు ఉండవు కదా! బొమ్మలు మారుతూ ఉంటాయి. ఎవరు ఎవర్ని పిలిచారో, ఏం అడిగారో నాకు తెలియదు. "రూతూ" అని పిలుస్తారు కాబోలు, నేను పలకను. తరవాత, బడిలో నా పక్కన కూర్చునే రుచిత మెసేజ్ పెడుతుంది: "నిన్ను పిలిచారే, ఎక్కడికి పోయావ్?" ఎక్కడికీ పోలేదు నాన్నా. గోడకి ఆనుకుని, ఫోన్ ముఖానికి ఆనించుకుని అక్కడే కూర్చుని ఉన్నాను.

ప్రిన్సిపాల్ గారు అమ్మకి ఫోన్ చేశారు. మీ అమ్మాయికి చదువు మీద ధ్యాస లేదు, క్లాసు పెట్టుకుని నిద్రపోతోంది అన్నారట. అమ్మ "నెట్‌వర్క్ సరిగా ఉండట్లేదండీ" అంది. ఆ రోజు మందుల షాపు నుంచి వచ్చాక నా ఎదురుగా కూర్చుని నిర్ణయం చెప్పింది. నన్ను ఉయ్యూరులో నాయనమ్మ దగ్గరికి పంపేస్తుందట. అక్కడ సిగ్నల్ సరిగా లేదని చెప్పి క్లాసులు మాన్పిస్తే ఎవరూ తప్పు పట్టరట. టెన్త్ సంగతి వచ్చే ఏడాది చూద్దాం అంది.

నేను ఉయ్యూరు వెళ్ళను. శ్రీదుర్గ మేడమ్ ఇంటికి వెళ్ళి ఉన్న సంగతి చెప్పేస్తాను. నన్ను నిద్రపోతోంది అంటే ఊరుకోలేకపోతున్నాను. వెళ్ళమని నువ్వు ఒక్క మాట రాస్తే, అమ్మకి ఆ మాట చూపించి వెళ్తాను.

నీ జవాబు కోసం గుమ్మంలోనే ఉండే
నీ రూతు

---

బందరు
సెప్టెంబరు

రూతమ్మా,

నీ ఉత్తరం గేటు దగ్గర వాచ్‌మన్ ఇచ్చాడు. బండిలో కూర్చుని చదివాను. పెన్ను పట్టుకుని చాలా కాలమైంది, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నా మీద కోపం లేదని చూసి ప్రాణం లేచొచ్చింది. కింది వాక్యం మళ్ళీ మళ్ళీ చదివాను. ఇక్కడ రోజూ ఎవరెవర్నో ఎక్కించుకుని బండి పరిగెత్తిస్తున్నాను, నా బిడ్డకి ఏమైందో నాకే తెలియలేదు.

మీ అమ్మని ఏమీ అనను. ఎందుకో చెబుతాను. ఉయ్యూరులో మీ మణెమ్మత్త ఉంది కదా. మా అక్కకి పుట్టుకతోనే వినపడదు. మా చిన్నప్పుడు దాన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు, అందరూ 'చెవిటిది' అనేవాళ్ళు. చెరుకు కొట్టే చోట వెనక నుంచి మట్టిబెడ్డలు విసిరేవాళ్ళు, తిరిగి చూస్తుందో లేదో అని. నేను వాళ్ళ మీద కలబడి దెబ్బలు తినేవాణ్ణి. దాన్ని బడికి పంపుదామని ఎవరూ అనలేదు. ఒక మూల కూర్చుని ఇప్పటికీ బియ్యం ఏరుతుంది. చూస్తూనే ఉన్నావుగా.

ఆ పేరు నీ మీద పడితే నేను భరించలేను తల్లీ. అందుకని చెబుతున్నాను. మేడమ్‌కీ చెప్పొద్దు, ఎవరికీ చెప్పొద్దు. ఈ ఏడాది పోతే పోయింది. నాయనమ్మ దగ్గరికి వెళ్ళు. నాకు సెలవు దొరికాక మనిద్దరం పెద్ద డాక్టరు దగ్గరికి వెళదాం. తొందరపడొద్దు. ప్రార్థన చేసుకో. నాన్న మాట విను.

నీ మంచి కోరే
నాన్న
డేనియల్

---

పటమట
అక్టోబరు నెలాఖరు

నాన్నా,

నీ మాట వినలేదు. ముందు అది చెప్పేస్తే మిగతాది రాయడం తేలిక.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. మట్టిబెడ్డల సంగతి నాకు తెలియదు. కానీ నాన్నా, ఏడుపు తగ్గాక ఆలోచించాను. అత్తని మూల కూర్చోబెట్టింది ఆమె చెవులు కావు. ఇంటికి పరిమితం చేసి, నలుగురికీ కనపడకుండా ఉంచింది మనవాళ్ళే. అత్తకి జరిగింది నాకు జరగకూడదని భయపడుతూ, నువ్వు నన్ను పంపుతున్నది ఆ ఇంటికే, ఆ మూలకే. ఇది నీ మీద నిష్ఠూరం కాదు. నువ్వు అత్త కోసం దెబ్బలు తిన్నవాడివి. నా కోసం దెబ్బలు తినాల్సిన పని లేదు, నేనే వెళ్తాను అనుకున్నాను.

అమ్మ షాపుకి వెళ్ళాక మాస్కు పెట్టుకుని బయలుదేరాను. శ్రీదుర్గ మేడమ్ ఇల్లు మనకి దగ్గరే. వాళ్ళింట్లో అత్తమామలు పెద్దవాళ్ళు, అందుకని మేడమ్ గేటు తియ్యలేదు. వరండాలో నిలబడి మాస్కులోనుంచే ఏదో అన్నారు. నాకు ఆ గుడ్డ కదలడం తప్ప ఏమీ కనపడలేదు. ఎంతో ధైర్యంగా వచ్చాను గానీ, ఆ ఒక్క నిమిషం వెనక్కి తిరిగి పారిపోదామనిపించింది.

"మేడమ్, మీరు లోపలికి వెళ్ళి కిటికీ అద్దం వేసుకోండి. తరవాత మాస్కు తీసి మాట్లాడండి" అన్నాను. ఆవిడ నన్ను విచిత్రంగా చూశారు. అయినా వెళ్ళారు. నేను గేటు తోసుకుని కిటికీ దాకా వెళ్ళాను. అద్దం బిగించి ఉంది. అవతల ఆవిడ మాస్కు తీశారు.

"ఏంటి రూతూ ఇది? అద్దం వేసుకుంటే ఎట్టా వినపడుద్ది?"

"నాకు ఎట్టాగూ వినపడదు మేడమ్. మీరు 'అద్దం వేసుకుంటే ఎట్టా వినపడుద్ది' అన్నారు. అది నేను చూశాను."

ఆవిడ ముఖం మారిపోయింది. తరవాత, పరీక్ష పెడుతున్నట్టు, "మా అత్తగారు లోపల నా మీద కేకలేస్తన్నారు" అన్నారు. నేను అదే తిరిగి చెప్పాను. ఆవిడకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "ఎప్పట్నుంచి?" అన్నారు. చెప్పాను. ఇన్నాళ్ళూ పక్కనున్న అమ్మాయికి కూడా చెప్పని సంగతంతా ఆ అద్దానికి ముఖం ఆనించి చెప్పేశాను. గట్టిగా మాట్లాడానేమో, ఎదురింటివాళ్ళు బయటికి వచ్చి చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

మర్నాడు సోషల్ క్లాసులో బొమ్మలు లేవు. తెర నిండా మేడమ్ ముఖమే ఉంది, కిటికీ వెలుగు ఎదురుగా పడేలా కూర్చున్నారు. నా పేరు చెప్పకుండా, ఇకనుంచి ఎవరైనా జవాబు నోటితో కాకుండా టైపు చేసి పంపొచ్చని చెప్పారు. ఇంక చూడు నాన్నా, ఎప్పుడూ పలకనివాళ్ళంతా రాయడం మొదలుపెట్టారు! బాబీ ఇంట్లో ఒకే గది, నలుగురు మనుషులు, టీవీ. వాడు మైకు తియ్యడానికి సిగ్గుపడి ఇన్నాళ్ళూ ఊరుకున్నాడట. రుచిత "నాకు పోయిన నెల పాఠాలు ఒక్కటీ అర్థం కాలేదు" అని అందరి ముందూ రాసేసింది. దాన్ని చూశాక నేనూ రాశాను. "నాకు వినపడదు. పెదాలు చూసి చదువుతాను. మాట్లాడేటప్పుడు ముఖం కనపడేలా ఉంచండి" అని. పంపాక ఫోన్ బోర్లా పెట్టేసి కళ్ళు మూసుకున్నాను. తీసి చూస్తే ఒక్కొక్కటే చీకటి గుండ్రాలు తెరుచుకుంటున్నాయి. మంచం మీద ఒకరు, డాబా మీద ఒకరు, తల దువ్వుకోకుండా ఒకరు. అంతమంది ముఖాలు ఒక్కసారి చూసి ఎన్నాళ్ళయిందో!

అందరూ మంచిగా ఉన్నారని రాస్తే అబద్ధమవుతుంది. ఇద్దరు ముగ్గురు వెక్కిరింపు బొమ్మలు పెట్టారు. ఫిలిప్ సార్ ఒకరోజు కెమెరా పెట్టి, మర్నాటికి మరిచిపోయారు. గుర్తు చేస్తూనే ఉన్నాను.

అమ్మ సంగతి. తెలిశాక "పరువు తీశావే" అంది. తరవాత కొన్నాళ్ళు ముఖం తిప్పుకుని మాట్లాడింది. మాట్లాడకపోవడమూ, అదీ నాకు ఒకటే. ఆ రోజులే అన్నిటికంటే కష్టం నాన్నా. ఇంతలో ప్రిన్సిపాల్ గారు ఇద్దర్నీ రమ్మన్నారు. శ్రీదుర్గ మేడమ్ కూడా వచ్చారు.

ఆయన మాస్కు పెట్టుకుని అమ్మవైపే చూస్తూ మాట్లాడుతున్నారు. "సార్, ఒక్కసారి మాస్కు..." అన్నాను. చెయ్యి ఊపి ఆగమన్నారు. నా గురించి మాట్లాడుతున్నారని తెలుస్తోంది, ఏం మాట్లాడుతున్నారో తెలియడం లేదు. అప్పుడు అమ్మ కుర్చీ నా వైపు తిప్పుకుంది. తన మాస్కు కిందికి లాక్కుంది. ఆయన అన్న మాటలు ఒక్కొక్కటీ నా ముఖంలో ముఖం పెట్టి చెప్పింది. "సార్ ఏమంటన్నారంటే, ఇది టెన్త్ బ్యాచ్ అంట. నీలాంటి పిల్లలకి వేరే బడులున్నాయంట. అక్కడికి మారిపోతే నీకే మంచిదంట."

ప్రిన్సిపాల్ గారికి ఇబ్బందిగా అనిపించినట్టుంది. ఏదో అన్నారు. అమ్మ అదీ చెప్పింది: "ఆ అమ్మాయికి ఇవన్నీ ఎందుకమ్మా అంటన్నారు." ఆ తరవాత ఆయనవైపు తిరిగింది. ముఖం పక్క నుంచే కనపడుతోంది, అయినా అమ్మ పెదాలు నాకు కంఠస్థం. "దాని సంగతి దానికి చెప్పకుండా ఎట్టాగండీ? దానికి వినపడదు. అంతే. చదువు రాదని ఎవరన్నారు మీకు?"

అమ్మ నోటి నుంచి 'వినపడదు' అనే మాట బయటివాళ్ళ ముందు రావడం అదే మొదటిసారి. ఇంక నాకు భయమేముంటుంది? "వేరే బడికి వెళ్ళను సార్. ఇక్కడే చదువుతాను. నాకు కావలసింది మాట్లాడేవాళ్ళ ముఖం ఒక్కటే" అన్నాను. ఆయన చాలాసేపు కాగితాలు సర్దారు. చివరికి మాస్కు తీసి, ఒక్కో మాటా విడదీసి, "ఈ టర్మ్ చూద్దాం" అన్నారు. చూద్దాం అంటే చూడనీ. దాని తరవాత టర్మ్ కూడా చూస్తారు.

బయటికి వచ్చాక ఆటోలో అమ్మ నా చెవులకి పైనున్న జుట్టు సర్దింది. "మిషన్లు పెట్టిద్దాం. కనపడితే కనపడనీ" అంది. డాక్టరు దగ్గరికి నువ్వు వచ్చాక ముగ్గురం వెళ్తాం.

సోమవారం నుంచి బడి తెరుస్తున్నారు. అందరూ మాస్కుల్లో ఉంటారు, నాకు ఇది ఇంకో కొత్త కష్టం. అమ్మ తన షాపు నుంచి ముఖానికి పెట్టుకునే ప్లాస్టిక్ షీల్డులు టీచర్లందరికీ తెచ్చింది. ఆవిరి పడుతుందని సణుగుతారేమో. తుడుచుకోమంటాను.

నువ్వు కూడా సోమవారమే పొద్దున బస్సుకి వస్తున్నావట. అమ్మ "ఆ ఒక్కరోజు బడి మానెయ్యవే, నాన్నొస్తన్నాడుగా" అంది. మానను నాన్నా. నిన్ను చూడాలని ఎంత ఉన్నా మానను. మొదటి రోజు మొదటి బెంచీలో నేను కనపడాలి. తాళంచెవి కింది వాటా సింధూరి ఆంటీ దగ్గర ఇస్తాను. అన్నం వండి ఉంచుతాం, తిని పడుకో. సాయంత్రం బడి వదలగానే వస్తాను. అప్పుడు నాతో గట్టిగా మాట్లాడాల్సిన పని లేదు. నా వైపు తిరిగి మాట్లాడు చాలు.

నీ మాట వినని కూతురు,
రూతు