లావు పుస్తకం స్వరూపకే

తిమ్మాజిపేట బడిల పీఈటీగ చేసి రిటైరయి, నాగర్‌కర్నూల్‌ల ఉంటున్న కురుమూర్తి అనే నేను, వయసు అరవై ఎనిమిది, తెలివి బాగుండంగనే, ఎవరి ఒత్తిడి లేకుండ ఈ వీలునామా రాయిస్తున్న. ఎల్లుండి హైదరాబాదుల నాకు గుండె ఆపరేషన్. బతుకుడు సగం సగం అన్నడు డాక్టరు.

1. ఇల్లు నా కొడుకు నిరంజన్‌కు, బిడ్డ స్వరూపకు చెరి సగం. దీంట్ల తకరారు లేదు. తకరారంత చదరంగం పుస్తకాల మీదనే.

2. బీరువల కింది అరల ఉన్న పదకొండు పుస్తకాలు నిరంజన్ బిడ్డ తేజస్వినికి. అన్నీ ఒక్క ఎత్తుల, రెండెత్తుల రాజును కట్టేసే లెక్కలు. ఆమెకు తొమ్మిదేండ్లు, ఆట నేర్చి ఏడాదైంది. పావులు ముట్టకుండ పదింట్ల ఏడెనిమిది వస్తే ఆ పుస్తకం సరైనది. పదికి పది వస్తే దానికన్న కొంచెం కష్టమైంది ఇయ్యాలె. మూడు నాలుగే వస్తే పుస్తకం బరువైనట్టు. తప్పు ఇచ్చినోనిది, పిల్లది కాదు. రోజుకు ఇరవై నిమిషాలు, అంతే.

3. ఏ పుస్తకం ఎప్పుడియ్యాల్నో తేల్చేది అల్ఫియా. నా దగ్గర ఆట నేర్చుకున్నది, ఇప్పుడు వనపర్తిల టీచరు. "సార్, ఇది నాకు ఎక్కువైతుంది, చిన్నది ఇయ్యండి" అని నా మొఖం మీద అన్నది ఆమె ఒక్కతే. ఆ దినం కసిరిన. ఈ వీలునామా అమలుచేసే బాధ్యత గూడ ఆమెదే. నిరంజన్ అడ్డం రావొద్దు.

4. ఎందుకంటే, పోయిన నెల వాడు పై అరల ఉన్న ఎర్ర అట్ట లావు పుస్తకం తీసి తేజస్విని ముందర పెట్టిండు. అది ఏండ్ల తరబడి పోటీలు ఆడినోళ్ల కోసం రాసింది. ప్రతి ఆదివారం దాని ముందర కూసోబెడుతుండె, ఆ దినమొస్తే పిల్ల కడుపునొస్తుందంటుండె. పుస్తకం గుంజుకున్న. "చెల్లెకు నువ్వు చేసిందే నేను చేస్తున్న" అన్నడు. అప్పట్నుంచి మా ఇద్దరికి మాటల్లేవు.

5. వాడన్నది నిజం. 2004ల స్వరూపకు పన్నెండేండ్లు. అదే పుస్తకం ఇచ్చి, లెక్క వచ్చేదాక లేవొద్దన్న. గద్వాల పోటీల గెలిచే ఎత్తు కండ్ల ముందర ఉన్నా, చేతులు ఒళ్లె పెట్టుకొని టైం అయిపోయేదాక కూసున్నది. అందరి ముందర తిట్టిన. "ఏ ఎత్తు చూసినా తప్పే అనిపిస్తుంది నాన్నా" అన్నది. మళ్ల బోర్డు ముట్టలే. ఇప్పుడు గద్వాలల నర్సు. ఇంటికొస్తది గని ఆ బీరువ ఉన్న అర్రలకు రాదు. లావు పుస్తకం ఆమెకే. చింపుతదో, తూకానికేస్తదో, ఆమె ఇష్టం.

6. దాంతోటి, ఆ లెక్కలు నేను చేసి చూసుకున్న నోటుబుక్కు గూడ ఆమెకే. ఆ పుస్తకంల నాలుగు వందల లెక్కలు. నాకు సొంతంగ వచ్చినవి అరవై ఒకటి. మిగతావి వెనక జవాబులు చూసి ఆమెను అడిగిన. ఈ సంగతి ఇన్నేండ్లు ఎవ్వరికి చెప్పలే.

ఇది రాస్తున్న నా దోస్తు భాస్కర్ ఇక్కడ పెన్ను కింద పెట్టి, "ఇది కాయితంల కాదు, ఇప్పుడే చెప్పు" అన్నడు. స్వరూపకు ఫోన్ చేసి చెప్పిన. "అరవై ఒకటేనా?" అని అడిగింది. తర్వాత, "నాకు తొంభై ఆరు వచ్చినయ్ నాన్నా" అన్నది. ఆమె ఫోన్ పెట్టలే. నేను గూడ పెట్టలే.

ఫోన్ల చెప్పినా ఆరో అంశం కొట్టెయ్యొద్దని భాస్కర్‌కు చెప్పి, మొత్తం చదివించుకొని విని, సంతకం పెడుతున్న.

నాగర్‌కర్నూల్, 11 నవంబరు 2025
(సంతకం) కురుమూర్తి

రాసినవారు: భాస్కర్
సాక్షులు: యోహాను, శ్రవణ్ కుమార్