నలికిరి తొట్టికి చీర అడ్డం

నీలిమా,

గాజు తొట్టిలో నీ నలికిరి నాలుగు రోజులుగా ఏమీ తినలా. మట్టి మార్చి, దాక్కోటానికి నాపరాయి ముక్క పెట్టాను. బల్లిలాంటి ఆ నున్నటి ఒళ్లు చేతికి తగిలింది, ఛీ. తలస్నానం చేసినా ఒళ్లు జలదరిస్తానే ఉంది. ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి పక్కన దాని మేత పురుగుల డబ్బా ఏందే? చూసి డోకొచ్చింది. తీసి నీ మంచం మీద పెట్టాను.

నీ ఫ్రెండ్స్ వచ్చి గాజు మీద తట్టొద్దు. అది చానా బెదిరిపోయింది. తొట్టి చుట్టూ నా పాత చీర కట్టాను, విప్పొద్దు. మాచర్ల బస్సుకి టైమైంది.

వదిన

నేనీ ఇంటికొచ్చిన కొత్తలో మీరంతా గుమ్మంలో నిలబడి చూస్తుంటే నాకూ వారం రోజులు ముద్ద దిగలేదు. అప్పుడెవరూ చీర అడ్డం కట్టలా.