మిరపకాయ మీద నింద

దాచేపల్లి,
ఆదివారం.

అమ్మకు లిడియా వందనాలు. మేం బాగానే ఉన్నాం, కంగారుపడకు. ఫోన్ చేయకుండా కావాలనే కార్డు రాస్తున్నాను. దారిలో ఎవరు చదివినా నాకు భయం లేదు.

పాప దగ్గు మిరపకాయల ఘాటు వల్లేనని నువ్వన్నావు, మేమూ నమ్మాం. వరండాలో బస్తాలు తీయించాం, పాపకి కారం మానిపించాం. అయినా తగ్గలేదు. పోయిన వారం మీ అల్లుడు పనిచేసే ఫ్యాక్టరీకి తనిఖీవాళ్ళొచ్చారు. వాళ్ళున్నన్నాళ్ళూ పొగలో రోజూ వచ్చే గంధకం కంపు లేదు, పాప హాయిగా నిద్రపోయింది. వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ దగ్గు మొదలైంది.

మీ అల్లుణ్ణి నిలదీస్తే అప్పుడు చెప్పాడు. బొగ్గు కడిగి గంధకం తీసేసే ప్లాంటు అక్కడ ఉందట. తనిఖీ ఉంటేనే నడుపుతారట. మిగతా రోజులు కడగని బొగ్గే కాలుస్తారట!

నేరుగా వెళ్ళి గేటు దగ్గర మేనేజర్ని అడిగాను. "మిరపకాయలు పండే ఊళ్ళో దగ్గు రాక ఏమొస్తుందమ్మా?" అని నవ్వి, కారు అద్దం ఎత్తేసి వెళ్ళిపోయాడు. ఒళ్ళు మండిపోయింది.

"నా ఉద్యోగం ఊడగొడతావే!" అని మీ అల్లుడు అరిచాడు. "పిల్లకి ఊపిరాడకపోతే ఆ ఉద్యోగం ఏం చేసుకుంటావు?" అన్నాను. ఇవాళ ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళందరం ఆ గేటుకే వెళ్తున్నాం. ఈయనా వస్తానన్నాడు.

నాన్న మోకాళ్ళ నొప్పి తగ్గిందా? గేదె ఈనిందా? దేవుడు మీ ఇద్దర్నీ కాయాలి.

ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే పండుమిరప పచ్చడి పంపు. కారం తగ్గించకు. ఇన్నాళ్ళూ పాపకి చప్పిడి మెతుకులు పెట్టి, పొగ మాత్రం కడుపునిండా పట్టించాం.

నీ లిడియా